చెయ్యి అందని చోట పనిచేసే యంత్రం: రాకెట్ నుంచి గుండెలోని పేస్‌మేకర్ దాకా

1958లో ఏడు నెలల తేడాతో రెండు చిన్న యంత్రాలు మనిషి చెయ్యి అందని చోటికి వెళ్లాయి. మార్చి 17న అమెరికా ప్రయోగించిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. పంపరపనస పండంత గోళం, బరువు కిలోన్నర. అక్టోబర్ 8న స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ల మనిషి పొట్ట చర్మం కింద ఒక పేస్‌మేకర్ పెట్టారు. ఒంటి లోపల పూర్తిగా అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ అదే.

ఒకటి ఆకాశంలోకి, ఒకటి ఒంట్లోకి. చూడ్డానికి సంబంధం లేదు. కానీ ఈ రెండు యంత్రాలూ తయారుచేసిన ఇంజనీర్ల ముందున్న చిక్కులు మాత్రం ఒకటే. బరువు ఎలా తగ్గించాలి? కరెంటు ఎక్కడి నుంచి తేవాలి? ఒకసారి వెళ్లిపోయాక లోపల ఏం జరుగుతోందో బయట ఉన్నవాళ్లకు కబురు ఎలా రావాలి? రిపేరు కోసం ఉపగ్రహాన్ని కిందికి దించలేం, మనిషి ఛాతీని మాటిమాటికీ కొయ్యలేం.

విదేశాల్లో ఉన్న మన ఇళ్లలో ఈ విషయం ఊరికే తెలుసుకోవడానికి మాత్రమే కాదు. ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మానాన్నల్లో, అత్తమామల్లో చాలామందికి ఇప్పుడు స్టెంటో, పేస్‌మేకరో ఉంటోంది. "ఆ మిషన్ ఉంది కదా" అని ఇంట్లో అందరికీ ఒక భయం ఉంటుంది గానీ, అది ఎలా పనిచేస్తుందో, దేనికి జాగ్రత్త పడాలో, దేనికి అక్కర్లేదో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే మొదట కథ, తర్వాత ఇంట్లోకి పనికొచ్చే సంగతులు.

బరువు

రాకెట్ కథను మైసూరుతో మొదలుపెట్టడం మనకు అలవాటు. అందులో గొప్పలు పోవడం ఏమీ లేదు, నిజమే. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల సైన్యం మందుగుండును ఇనప గొట్టాల్లో కూరి రాకెట్లు చేసేది. వెదురు, అట్ట గొట్టాల కంటే ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది, కాబట్టి అవి ఎక్కువ దూరం పోయేవి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లను ఇంగ్లండ్‌కు పట్టుకెళ్లారు, వాటిని చూసి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. అబ్దుల్ కలాం 1960లలో శిక్షణ కోసం అమెరికాలోని వాలప్స్ కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడి గోడ మీద టిప్పు సైన్యం రాకెట్ల బొమ్మ చూసి ఆశ్చర్యపోయినట్టు తన ఆత్మకథలో రాసుకున్నారు.

కానీ మందుగుండు రాకెట్టు అంతరిక్షానికి పోదు. దానికి ద్రవ ఇంధనం కావాలని రష్యాలో ఒక బడిపంతులు, కాన్‌స్టాంటిన్ సియాల్కోవ్‌స్కీ, 1903లోనే లెక్కలతో సహా రాశాడు. చేసి చూపించింది రాబర్ట్ గొడార్డ్. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో, చుట్టాల పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే రాకెట్ వదిలాడు. అది రెండున్నర సెకన్లు ఎగిరింది. 41 అడుగుల ఎత్తుకు పోయి 184 అడుగుల దూరంలో పడింది. ఫోటోలు, సినిమా తీసే పని ఆయన భార్య ఎస్తేర్‌ది. కెమెరా స్ప్రింగు తిరిగేది ఏడు సెకన్లే. రాకెట్ కదిలేలోపు అది అయిపోయింది, అందుకే ఆ ప్రయాణానికి సినిమా లేదు. వూస్టర్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ చోటు ఇప్పుడు గోల్ఫ్ కోర్సు, గుర్తుగా ఒక రాయి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించవచ్చు.

రాకెట్‌తో వచ్చే చిక్కేమిటంటే, పైకి పంపే ప్రతి గ్రాముకూ ఇంధనం కావాలి, ఆ ఇంధనాన్ని మొయ్యడానికి ఇంకా ఇంధనం కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన వీ-2 రాకెట్ బరువు పన్నెండున్నర టన్నులు, అది మోసుకెళ్లింది ఒక్క టన్ను. (దాన్ని సొరంగాల్లో తయారుచేసిన ఖైదీలు వేల సంఖ్యలో చనిపోయారు. రాకెట్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట వదిలెయ్యకూడదని నా అభిప్రాయం.) కిలోన్నర వాన్‌గార్డ్-1ను కక్ష్యలో పెట్టడానికి దాదాపు పది టన్నుల రాకెట్ కావాల్సి వచ్చింది. బంగారం తూచినట్టు గ్రాములు తూచుకోవడం ఇంజనీర్లకు అలా అలవాటైంది.

సరిగ్గా ఆ సమయానికి ట్రాన్సిస్టర్ అందివచ్చింది. 1947 డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. అంతకుముందు రేడియోల్లో గాజు వాల్వులుండేవి. మన తాతల కాలం నాటి పెద్ద రేడియో గుర్తుందా? స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కే దాకా పాట వచ్చేది కాదు. అంత వేడి, అంత కరెంటు తినే వస్తువును ఒంట్లో పెట్టడం కుదిరే పని కాదు. ట్రాన్సిస్టర్‌కు వేడెక్కాల్సిన పని లేదు, చిన్న బ్యాటరీ చాలు. ఉపగ్రహాన్నీ పేస్‌మేకర్‌నూ ఒకే ఏడాదికి తెచ్చింది ఇదే.

కరెంటు

అంతకుముందు పేస్‌మేకర్లు లేవని కాదు. ఉండేవి, గోడకున్న ప్లగ్గుకు తగిలించి ఉండేవి. వైరు ఎంత పొడవుంటే రోగి అంత దూరమే నడవాలి. 1957 అక్టోబర్ 31న మినియాపోలిస్‌లో కరెంటు పోయింది. ఆ తర్వాత పిల్లల గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ వాల్టన్ లిల్లీహై, ఆసుపత్రి పరికరాలు బాగుచేసే ఎర్ల్ బేకెన్‌ను పిలిచి, బ్యాటరీతో నడిచేది ఏదైనా చెయ్యగలవా అని అడిగాడు. బేకెన్ ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన మెట్రోనోమ్ సర్క్యూట్‌ను తీసుకున్నాడు. సంగీతం నేర్చుకునేవాళ్లకు టక్ టక్ అని తాళం వేసే పరికరం అది. దాన్నే మార్చి, నాలుగు వారాల్లో మెడలో వేసుకునేంత చిన్న పెట్టె చేశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఆయన ఒక గ్యారేజీలో మొదలుపెట్టిన కంపెనీయే మెడ్‌ట్రానిక్.

అది ఒంటి బయట ఉండే పెట్టె. లోపల పెట్టాలన్న పట్టుదల ఒక భార్యది. లార్సన్ గుండె రోజుకు ఎన్నోసార్లు ఆగి ఆగి కొట్టుకునేది, మనిషి స్పృహ తప్పి పడిపోయేవాడు. సర్జన్ ఓకె సెనింగ్, ఇంజనీర్ రూన్ ఎల్మ్‌క్విస్ట్ అలాంటి పరికరం మీద పని చేస్తున్నారని తెలిసి, లార్సన్ భార్య ఎల్సె-మారీ వాళ్ల వెంటపడింది. ఇంకా మనిషికి పెట్టే దశకు రాలేదన్నా వినలేదు. ఎల్మ్‌క్విస్ట్ రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్‌ను బూట్ పాలిష్ డబ్బాలో పెట్టి ఎపాక్సీ పోసి గట్టిపడనిచ్చాడు. మొదటిది కొన్ని గంటల్లోనే ఆగిపోయింది, రెండోది పెట్టారు. లార్సన్‌కు జీవితంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చారు. ఆయన 2001లో, 86 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి తనకు ఆపరేషన్ చేసిన డాక్టరూ, పేస్‌మేకర్ చేసిన ఇంజనీరూ ఇద్దరూ లేరు.

ఆ మొదటి పేస్‌మేకర్‌లో నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉండేది. చర్మం మీద ఒక తీగచుట్ట పెట్టి, లోపలున్న తీగచుట్టకు అయస్కాంత క్షేత్రం ద్వారా కరెంటు పంపి ఛార్జ్ చేసేవారు. ఇప్పుడు ఫోన్‌ను ప్యాడ్ మీద పెట్టి చేస్తున్న వైర్‌లెస్ ఛార్జింగ్ అదే. 1958 నాటిది!

ఉపగ్రహాలకూ ఇదే కష్టం. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ బ్యాటరీలు మూడు వారాలకే అయిపోయాయి. వాన్‌గార్డ్-1 ఒంటికి సౌర ఘటాలు అతికించడంతో అది 1964 దాకా సంకేతాలు పంపుతూనే ఉంది. ఒంట్లో ఎండ ఉండదు కదా. కాబట్టి వైద్య పరికరాలకు దారి బ్యాటరీయే. అమెరికాలో బఫెలోకు చెందిన ఇంజనీర్ విల్సన్ గ్రేట్‌బ్యాచ్ 1960 నాటికి మనుషుల్లో పెట్టిన పేస్‌మేకర్లలో పాదరసం-జింకు బ్యాటరీలుండేవి. రెండేళ్లకే అయిపోయేవి. పైగా వాటి నుంచి హైడ్రోజన్ వాయువు వచ్చేది, కాబట్టి పెట్టెను పూర్తిగా మూసెయ్యడానికి లేదు, మూయకపోతే ఒంట్లో తేమ లోపలికి చేరుతుంది. దీనికి ఒక విరుగుడు ప్లుటోనియం-238. 1970లో పారిస్‌లో అణు బ్యాటరీ పేస్‌మేకర్ పెట్టారు. సౌర కుటుంబం అంచులు దాటిపోయిన వాయేజర్ నౌకలు నడిచేదీ ఆ ప్లుటోనియంతోనే. అది పనిచేసింది కూడా. కానీ ఆ మనిషి ఎక్కడికి వెళ్లినా, చివరికి చనిపోయినా, లోపలున్న ప్లుటోనియం లెక్క ఎవరో ఒకరు చూసుకోవాలి. అంత తలనొప్పి ఎవరికి కావాలి?

అసలు మలుపు 1972లో వాడకంలోకి వచ్చిన లిథియం-అయోడిన్ బ్యాటరీ. దీన్ని పేస్‌మేకర్లకు తగ్గట్టు మలిచింది కూడా గ్రేట్‌బ్యాచే. దీన్నుంచి వాయువు రాదు. అందుకని పెట్టెను టైటానియంతో చేసి చుట్టూ వెల్డింగ్ చేసెయ్యవచ్చు. ఇంకో సుగుణం, ఇది ఉన్నట్టుండి చచ్చిపోదు. వోల్టేజీ మెల్లగా తగ్గుతూ, "నాకు ఇక కొన్ని నెలలే" అని ముందే చెబుతుంది.

చిన్న లెక్క చూడండి. ఒక పేస్‌మేకర్ బ్యాటరీ సామర్థ్యం సుమారు ఒక ఆంపియర్-అవర్ అనుకుందాం. అది వాడే కరెంటు సుమారు 10 మైక్రో ఆంపియర్లు. భాగిస్తే లక్ష గంటలు, అంటే 11 ఏళ్ల పైన. మన ఫోన్ బ్యాటరీ అంతకు మూడు నాలుగు రెట్లు పెద్దది, అయినా సాయంత్రానికి ఖాళీ. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు. పొదుపు అంటే అదీ.

కబురు

రాకెట్ పేలిపోతే శకలాలు తప్ప ఏమీ మిగలదు. అందుకే పేలేలోపే లోపలి ఒత్తిడి, వేడి, కుదుపు ఎంతో రేడియోలో కిందికి పంపించే విద్య పెరిగింది. దాన్నే టెలిమెట్రీ అంటారు. పేస్‌మేకర్లకు మొదట్లో ఈ సౌకర్యం లేదు. గుండె వేగం మార్చాలన్నా మళ్లీ సూదో కత్తో పట్టాల్సి వచ్చేది.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వారి అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీలో రాబర్ట్ ఫిషెల్ అనే ఆయన ట్రాన్సిట్ అనే దారిచూపే ఉపగ్రహాల మీద పనిచేసేవాడు. ఉపగ్రహానికి కింది నుంచి ఆజ్ఞలు పంపడం, దాన్నుంచి సమాచారం రాబట్టడం, బ్యాటరీని ఏళ్ల తరబడి కాపాడటం ఆయనకు రోజువారీ పని. 1970లలో ఆయన బృందం అదే అనుభవంతో బయటి నుంచి ఛార్జ్ చేసుకునే పేస్‌మేకర్‌నూ, తర్వాత రేడియో ఆజ్ఞలతో మార్పులు చేసుకోగల పరికరాలనూ రూపొందించింది. ఈనాడు కార్డియాలజిస్టు దగ్గర ఛాతీ మీద ఒక పరికరం ఆనించి కంప్యూటర్‌లో చూస్తారే, అది భూమి మీదున్న కంట్రోల్ రూమ్, ఉపగ్రహం మాట్లాడుకోవడం లాంటిదే.

1999లో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ ఒంట్లోని పరికరాల కోసం 402 నుంచి 405 మెగాహెర్ట్జ్ పట్టీని కేటాయించింది. ఆ దరిదాపుల పౌనఃపున్యాలను వాతావరణ బెలూన్లు వాడుకుంటాయి. ఒంట్లోని నీరు, కండ ఆ తరంగాలను మరీ ఎక్కువగా మింగెయ్యవు, అదీ సౌకర్యం. పవర్ చాలా తక్కువ, మాట రెండు మీటర్ల దాకా వినబడితే చాలు. మంచం పక్కన పెట్టే మానిటర్ రాత్రి మనిషి నిద్రలో ఉండగా పేస్‌మేకర్‌తో మాట్లాడి ఆసుపత్రికి నివేదిక పంపడం దీనివల్లే సాధ్యమైంది.

కబురుతో పాటు దొంగల భయమూ వచ్చింది. అమెరికా ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడు డిక్ చెనీ గుండెలోని పరికరంలో వైర్‌లెస్ సౌకర్యాన్ని 2007లో డాక్టర్లు ఆపేశారు. 2017లో దాదాపు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రత కోసం సాఫ్ట్‌వేర్ మార్చాలని అమెరికా ఎఫ్‌డీఏ ప్రకటించింది. మూడు నిమిషాల పని, కోత లేదు, కానీ క్లినిక్‌కు వెళ్లాలి. ఛాతీలోని వస్తువుకు ఫోన్‌కు వచ్చినట్టు అప్‌డేట్ రావడం వింతే.

రాకెట్ పంపు, రక్తం పంపు

డేవిడ్ సాసియర్ హ్యూస్టన్‌లో నాసా ఇంజనీరు. 1984లో ఆయనకు డాక్టర్ మైకేల్ డిబేకీ గుండె మార్పిడి చేశారు. కోలుకున్నాక ఇద్దరికీ ఒక ఆలోచన వచ్చింది. దాత గుండె దొరికేదాకా మనిషిని నిలబెట్టే చిన్న పంపు చెయ్యలేమా అని.

పంపు చెయ్యడం కష్టం కాదు. రక్తం పాడవకుండా చెయ్యడం కష్టం. పంపు రెక్క మరీ వేగంగా కోస్తే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ఏ మూలైనా రక్తం కదలకుండా నిలిస్తే గడ్డ కడుతుంది. ఇలాంటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే విద్య నాసా ఏమ్స్ కేంద్రంలో ఉంది. స్పేస్ షటిల్ ఇంజన్‌లో ద్రవ ఇంధనం ఎలా పారుతుందో వాళ్లు అలాగే చూసేవారు. అదే పద్ధతితో రక్తం పంపును లెక్కకట్టి, ఎక్కడ సుడి తిరుగుతోంది, ఎక్కడ నిలుస్తోంది అని చూసి రెక్కల ఆకారం మార్చారు. మూడంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పున్న డిబేకీ పంపును 1998లో యూరప్‌లో మొదటిసారి మనిషికి పెట్టారు. సాసియర్ దాన్ని చూడకుండానే పోయారు. ఈ వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. రాకెట్ ఇంధనానికీ రక్తానికీ ఒకే సమీకరణాలు పనికొచ్చాయి.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటిదే జరిగింది. క్షిపణుల పని చేస్తున్న కలాం, కార్డియాలజిస్టు డాక్టర్ సోమరాజు కలిసి 1990లలో కలాం-రాజు స్టెంట్ తెచ్చారు. దిగుమతి స్టెంట్ల కంటే బాగా తక్కువ ధరకు ఇవ్వాలన్నదే ఉద్దేశం. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి కార్బన్ మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ నుంచి వచ్చిన ఒక ఎముకల డాక్టర్ చేతిలోకి తీసుకుని చూసి, కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి పిల్లల్ని చూపించారట. మూడు కిలోల పైన బరువున్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఈ సంగతి కలాం తన ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పారు.

బియ్యపు గింజ దాకా

పేస్‌మేకర్‌లో ఎక్కువగా చెడేది పెట్టె కాదు, దాన్నుంచి గుండెకు వెళ్లే తీగ. గుండెతో పాటు రోజుకు లక్షసార్లు వంగుతుంది కదా. 2016లో అమెరికాలో అనుమతి పొందిన మైక్రా అనే పేస్‌మేకర్‌కు తీగే లేదు. 26 మిల్లీమీటర్ల పొడవు, పెద్ద విటమిన్ మాత్రంత. తొడలోని సిర గుండా గొట్టంతో తీసుకెళ్లి గుండె లోపలి గోడకు తగిలిస్తారు. 2023లో గుండె పై గదిలో ఒకటి, కింది గదిలో ఒకటి పెట్టి, అవి రెండూ ప్రతి స్పందనకూ మాట్లాడుకునే ఏర్పాటుకూ అనుమతి వచ్చింది. అవి మాట్లాడుకునేది రేడియోలో కాదు, రక్తం, కండ గుండా పంపే చిన్న కరెంటు సంకేతాలతో.

2014లో అనుమతి పొందిన కార్డియోమెమ్స్‌లో బ్యాటరీ కూడా లేదు. ఊపిరితిత్తుల ధమనిలో పెట్టే ఈ చిన్న పరికరం రక్తపు ఒత్తిడిని కొలుస్తుంది. రోగి యాంటెన్నా ఉన్న దిండు మీద పడుకుంటే బయటి నుంచి వచ్చే రేడియో శక్తితో అది స్పందిస్తుంది. ఒత్తిడి మారితే స్పందన స్వరం మారుతుంది, మృదంగం బిగింపు మార్చినప్పుడు శ్రుతి మారినట్టు. దీనికి మూలమైన సెన్సర్లను జార్జియా టెక్‌లో మార్క్ ఆలెన్ బృందం జెట్ ఇంజన్ల లోపలి వేడిలో ఒత్తిడి కొలవడం కోసం మొదలుపెట్టింది.

ఇంకా చిన్నవి చెయ్యాలంటే రేడియోతో ఒక ఇబ్బంది. యాంటెన్నా సరిగా పనిచెయ్యాలంటే తరంగం పొడవుతో పోలిస్తే అది మరీ చిన్నదిగా ఉండకూడదు. 400 మెగాహెర్ట్జ్ తరంగం గాలిలో 75 సెంటీమీటర్లు. అదే 2 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ తరంగం ఒంట్లో మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే బర్క్‌లీ పరిశోధకులు 2016లో ఎలుకల నరాల మీద 3 మిల్లీమీటర్ల రేణువు పెట్టి, శబ్ద తరంగాలతోనే దానికి శక్తినిచ్చి, దానితోనే కబురు తెప్పించారు.

2025లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం బియ్యపు గింజ కన్నా చిన్న పేస్‌మేకర్‌ను చూపించింది. 3.5 మిల్లీమీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1 మిల్లీమీటరు మందం. సూదిలోంచి ఎక్కించవచ్చు. ఒంట్లోని ద్రవమే దానికి బ్యాటరీలో ద్రవంగా పనిచేస్తుంది. ఛాతీ మీద అతికించిన పట్టీ వెలుగుతో ఆజ్ఞలిస్తుంది. పని అయ్యాక కరిగిపోతుంది. ఇంకా జంతువుల మీద, దాతలిచ్చిన మనిషి గుండెల మీద పరీక్షల దశలోనే ఉంది. గుండె లోపంతో పుట్టి ఆపరేషన్ అయిన పసిపిల్లలకు కొన్ని రోజుల పాటే పేస్‌మేకర్ కావాలి, ముఖ్యంగా వాళ్ల కోసం ఇది. ఇప్పుడైతే తాత్కాలిక పేస్‌మేకర్ తీగలు ఛాతీ నుంచి బయటికి ఉంటాయి, తర్వాత లాగి తీసేస్తారు. ఆ తీయడంలో ప్రమాదం ఉంది. చంద్రుడి మీద మొదట అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో గుండె ఆపరేషన్ తర్వాత అలాంటి తీగలు తీసినప్పుడు లోపల రక్తస్రావమై చనిపోయారు.

మన ఇంట్లో

ఇక్కడి నుంచి పేస్‌మేకర్, లేదా ప్రాణాపాయంలో షాక్ ఇచ్చే ఐసీడీ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే తెలుసుకోవాల్సినవి. ఇవి అందరికీ వర్తించే మాటలు, మీ వాళ్ల పరికరానికి సంబంధించిన చివరి మాట వాళ్ల క్లినిక్‌దే.

ముందు కార్డు. పరికరం పెట్టినప్పుడు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ ఉన్న కార్డు ఇస్తారు. అది మనవాళ్ల ఇళ్లలో బీరువాలో పట్టుచీరల మడతల్లో భద్రంగా ఉంటుంది! ప్రయాణంలో అది చేతిసంచిలో ఉండాలి, ఫోటో మీ ఫోన్‌లోనూ ఉండాలి. రాత్రిపూట ఎమర్జెన్సీకి వెళ్తే డాక్టర్ మొదట అడిగేది ఏ కంపెనీ అనే. ప్రతి కంపెనీ పరికరాన్నీ దాని సొంత యంత్రంతోనే చదవగలరు.

విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ గుండా మామూలుగా నడిచి వెళ్లిపోవచ్చు, అక్కడే నిలబడకూడదు. చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆపి ఉంచవద్దని కార్డు చూపించి అడగవచ్చు.

మా అత్తయ్యగారు వచ్చిన కొత్తలో వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి "ఏమ్మా, ఆ మైక్రోవేవ్ ఆన్‌లో ఉందా, నేను రావచ్చా?" అని అడిగేవారు. ఊళ్లో ఎవరో భయపెట్టారు. "రండి అత్తయ్యా, దానికేం కాదు, మీరు దూరంగా ఉండాల్సింది ఈ పొయ్యికి" అని ఇండక్షన్ స్టవ్ చూపించాను. మైక్రోవేవ్‌తో ఈనాటి పేస్‌మేకర్లకు సమస్య లేదు. ఇండక్షన్ స్టవ్ గిన్నెను వేడి చేసేది మారే అయస్కాంత క్షేత్రంతో, కాబట్టి అది ఆన్‌లో ఉన్నప్పుడు ఛాతీకి, పొయ్యికి మధ్య 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు ఉండాలని చెబుతారు. మిక్సీ లాంటివాటికి ఒక జానెడు దూరం చాలు. ఫోన్‌కూ అంతే, 15 సెంటీమీటర్లు. చొక్కా ఎడమ జేబులో పెట్టుకోవద్దు. వెనక అయస్కాంతాలున్న కొత్త ఫోన్లకు, వాటి ఛార్జర్లకు ఇది ఇంకా ముఖ్యం, ఛార్జ్ అవుతున్నప్పుడు 30 సెంటీమీటర్లు. అయస్కాంతమంటే ఇంత పట్టింపు ఎందుకంటే, పరికరాన్ని అలాగే తయారుచేశారు. డాక్టర్ అవసరానికి మీద అయస్కాంతం పెడితే పేస్‌మేకర్ గుండెను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టిస్తుంది, ఐసీడీ అయితే షాక్ ఇవ్వడం ఆపుతుంది. దూరం జరిపితే మామూలైపోతుంది. బీపీ తగ్గుతుందని అమ్మే అయస్కాంతపు గాజులు మాత్రం కొనిపెట్టకండి.

ఎంఆర్ఐ అసలు కుదరదన్నది పాత మాట. ఎంఆర్ఐకి తగిన మొదటి పేస్‌మేకర్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. అయితే పెట్టె, తీగలు రెండూ దానికి తగినవై ఉండాలి. పెట్టె కొత్తది, తీగలు పాతవి అయితే ముందు కనుక్కోవాలి.

మంచం పక్క మానిటర్ దేశం మారితే పనిచేస్తుందా లేదా అన్నది కంపెనీని, దేశాన్ని బట్టి ఉంటుంది. ఇండియాకు నెలల తరబడి వెళ్లేముందు, అక్కడి నుంచి వచ్చేముందు ఈ ఒక్క ప్రశ్న క్లినిక్‌ను అడగండి. అడాప్టర్ మీద 110, 220 రెండూ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

చివరగా, ఇళ్లలో ఎవరూ మాట్లాడని విషయం. పేస్‌మేకర్, ఐసీడీ ఉన్న మనిషి చనిపోతే దహనానికి ముందు దాన్ని తీయించాలి. మూసి వెల్డింగ్ చేసిన పెట్టెలో లిథియం బ్యాటరీ మంటకు పేలుతుంది, దగ్గరున్నవాళ్లకు దెబ్బ తగలవచ్చు, దహన యంత్రం పాడవుతుంది. బ్రిటన్‌లో దహనానికి ముందు నింపే పత్రాల్లోనే ఈ ప్రశ్న ఉంటుంది. అమెరికాలో ఫ్యూనరల్ హోమ్ అడుగుతుంది, చిన్న గాటుతో వాళ్లే తీస్తారు. ఇండియాలో ఎవరూ అడగకపోవచ్చు, కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే ముందే చెప్పాలి. ఐసీడీ అయితే ముందుగా దాన్ని ఆపించాలి, లేకపోతే తీసేవాళ్లకు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. తీగల్లేని చిన్న పేస్‌మేకర్ ఛాతీ మీద తడిమితే దొరకదు, ఇంట్లోవాళ్లు చెబితేనే తెలుస్తుంది. స్టెంట్లకు, కార్డియోమెమ్స్ లాంటి బ్యాటరీ లేనివాటికి ఈ బాధ లేదు.

అలా తీసిన పేస్‌మేకర్‌లో ఇంకా కొన్నేళ్ల బ్యాటరీ మిగిలి ఉండవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల 'మై హార్ట్ యువర్ హార్ట్' కార్యక్రమం కుటుంబం అనుమతితో అలాంటివి తీసుకుని, శుభ్రపరిచి, పరీక్షించి, కొనుక్కోలేని దేశాల్లోని రోగులకు అందించడానికి పనిచేస్తోంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఫ్యూనరల్ హోమ్ వాళ్లను అడిగితే పంపే ఏర్పాటు చేస్తారు.